ఇరవైమూడుసార్లు గీతలు పడ్డ డిస్క్

ద్రాగినా టీచర్ అబద్ధం చెబుతోందని లోజన్‌కి మూడో ప్రశ్నకే తెలిసిపోయింది.

నలభై ఏళ్ళ కిందట ఆవిడే అతనికి అక్షరాలు దిద్దించింది. అబద్ధం చెప్పేవాడి చెవులు ఎర్రబడతాయని క్లాసులో నిలబెట్టి మరీ పట్టుకునేది. ఇవాళ స్టేషన్‌లో, కిటికీ లేని గదిలో, డెబ్భై ఒక్కేళ్ళ టీచర్ చెవులే ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"డిస్క్ మీద ఆ గీతలు ఎలా పడ్డాయి టీచర్‌గారూ?"

"చెప్పానుగా. వంటింట్లో చెయ్యి జారింది."

"కిందపడితే ఒకటో రెండో గీతలు పడతాయి. ఇవి గుండ్రంగా, పీచు పెట్టి గిన్నె తోమినట్టు ఉన్నాయని రిపోర్టులో రాశారు."

"మరి అలాగే పడ్డాయేమో. డిస్క్ ఎలా పడాలో నేనేమన్నా దానికి పాఠం చెప్పానా?"

మాట పదును మాత్రం తగ్గలేదు. లోజన్ గడియారం చూశాడు. తొమ్మిదీ పది. పన్నెండింటికి ప్రాసిక్యూటర్ వచ్చి కాగితం మీద సంతకం పెడితే డిస్కులు బాగుచేసే బోజిల్‌ని చంపిన హంతకురాలిగా ఈవిడ జైలుకెళ్తుంది. ఒక్క నిజం చెబితే బయటపడేలా ఉంది. ఆ ఒక్కటీ చెప్పనని భీష్మించుకుని కూర్చుంది.

"నిన్న బోజిల్‌తో ఎందుకు గొడవపడ్డారు?"

"ఆలస్యం చేస్తున్నాడని."

చెవులు ఇంకాస్త ఎర్రబడ్డాయి.

"టీచర్‌గారూ, నేను మిమ్మల్ని కాపాడ్డానికి వచ్చాను."

"నిన్నెవరు రమ్మన్నారు? పోలీసు ఉద్యోగం వదులుకుని ప్రైవేటుగా తిరుగుతున్నావట. వెళ్ళి డబ్బులిచ్చేవాళ్ళ పని చూసుకో." తలెత్తకుండానే అడిగింది. "నా డిస్క్ ఎక్కడుంది? అందులో మిలెన్ ఉన్నాడు."

మిలెన్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. ఓడలో పనికెళ్ళి నాలుగేళ్ళ కిందట సముద్రంలోనే పోయాడు. అతను అకార్డియన్ వాయించి, మధ్యలో చారులో ఉప్పెక్కువైందని తల్లిని ఏడిపించిన ఇరవై ఒక్క నిమిషాల రికార్డింగు ఆ డిస్క్‌లో ఉంది. లోకంలో అతని గొంతు ఇంకెక్కడా లేదు.

"కనుక్కుంటాను," అన్నాడు లోజన్.

తలుపు బయట ఇన్‌స్పెక్టర్ కంబూరోవ్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. ఎనిమిదేళ్ళ కిందట ఇద్దరూ ఒకే గదిలో పనిచేసినవాళ్ళు. ఒక కేసులో కంబూరోవ్ పట్టుకున్నవాడు దొంగ కాదని లోజన్ కోర్టులో చెప్పి, ఆ మర్నాడు రాజీనామా ఇచ్చాడు. అప్పట్నుంచీ ఎక్కడ ఎదురుపడినా ఇద్దరి పలకరింపూ ఎత్తిపొడుపుతోనే మొదలవుతుంది.

"ఏమయ్యా, ఏడ్చిందా?" అన్నాడు కంబూరోవ్.

"నువ్వేడిపించలేనిది నేనెక్కడ ఏడిపిస్తాను."

"విను. నేలమాళిగలో కొట్టు. లోపల బోజిల్ ఒక్కడే. మూడూ నలభైకి కిటికీ దగ్గర మీ టీచర్ అరిచింది. మొదటి అంతస్తు ముసలావిడ విన్నది. రెండు నిమిషాలకి లోపల పాలిష్ మెషిన్ మొదలైంది. అంటే అప్పటికి బోజిల్ బతికే ఉన్నాడు. నాలుగూ రెండుకి మెషిన్ ఆగింది. నాలుగున్నరకి గిరాకీ ఎవరో వచ్చి, వంగి చూస్తే మెట్ల కింద తల పగిలి పడున్నాడు. మధ్యలో బిల్డింగ్‌లో ఎవరున్నారు? ముసలావిడ మంచం దిగదు. బిల్డింగ్ వ్యవహారాలు చూసే పనయోత్, మూడూ నలభై అయిదు నుంచి ఎదురు సెలూన్‌లో కుర్చీలో ఉన్నాడు. ముగ్గురు చూశారు. మిగతావాళ్ళంతా పనులకెళ్ళారు. మిగిలిందెవరు?"

"మూడో అంతస్తులో మా టీచర్."

"కొట్టు లోపలి తలుపు తాళంచెవి ఆవిడ సంచిలోనే దొరికింది. ఇంకొకటి చెప్పనా? ఆ డిస్క్‌ని ఆవిడే గిన్నెలు తోమే పీచుతో గీసింది. పీచు తీగముక్క గీతలోనే ఇరుక్కుని ఉంది. తన డిస్క్ తనే పాడుచేసుకునేదెవరు? కొట్టుకి వెళ్ళడానికి ఒక సాకు కావాల్సినవాళ్ళు. అంటే ముందే అనుకుని వెళ్ళింది."

'సాకు' అన్న మాట లోజన్ మనసులో ఎక్కడో తగిలింది. ఎక్కడో అప్పటికి తెలీలేదు.

"కొట్టు చూడనిస్తావా?"

"ఇరవై నిమిషాలు. నేను పక్కనుంటాను. నువ్వు ఓడిపోతుంటే చూడాలని ఎనిమిదేళ్ళుగా ఉంది."

కంబూరోవ్‌కి కోపాలు దాచుకోవడం రాదు. అతనిలో లోజన్‌కి నచ్చేది అదొక్కటే.

* * *

బోజిల్ కొట్టుకి కిటికీ తప్ప వీధివైపు తలుపు లేదు. ఆ కిటికీ కూడా పేవ్‌మెంట్‌ని ఆనుకుని, మనిషి చీలమండల ఎత్తులో ఉంటుంది. డిస్కులు తెచ్చినవాళ్ళు గొంతుక్కూర్చుని మాట్లాడాలి. లోపల కూర్చున్నవాడికి ఊరంతా మోకాళ్ళ దాకానే కనిపిస్తుంది. బోజిల్ పద్దెనిమిదేళ్ళు అలా చెప్పుల్ని చూస్తూ, గీతలుపడి మూగబోయిన డిస్కుల్ని మళ్ళీ పాడించాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు.

పదింటికి ఇద్దరూ లోపలి మెట్లు దిగారు. పద్నాలుగు మెట్లు, నిటారుగా. కింద సిమెంటు మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం ఉంది. ఆ మూల కిటికీలోంచి కనపడాలంటే, గొంతుక్కూర్చుని తల లోపలికి పెట్టాలి.

"టీచర్‌కి మోకాళ్ళు వంగవు," అన్నాడు లోజన్.

"అయితే?"

"ఊరికే అన్నాను."

బల్లమీద నీళ్ళగిన్నె, దూది, నాలుగు రకాల నునుపు కాగితాలు, ఒక పేస్టు ట్యూబు ఉన్నాయి. గోడకి మేకు. మేకుకి ఒక తెల్లటి నూలు చేతితొడుగు వేలాడుతోంది. ఎడమ చేతిది. కుడి చేతిది బల్లకింద మూలన, లోపలివైపు బయటికి తిరగబడి పడి ఉంది, విసురుగా లాగి పారేసినట్టు.

"బోజిల్ చేతికి తొడుగులు ఉన్నాయా, మీరు చూసినప్పుడు?"

"లేవు. వట్టి చేతులు."

"తొడుగుల్లేకుండా డిస్క్ ముట్టుకునేవాడు కాదు. వేలిముద్ర పడుతుందని."

"అరవయ్యెనిమిదేళ్ళు. మర్చిపోయుంటాడు."

లోజన్ మెషిన్ దగ్గరికెళ్ళాడు. మూతా, లోపల తిరిగే మెత్తటి చక్రం, పక్కన టైమరు. టైమరు ముల్లు సున్నా మీద ఉంది. ఎక్కువలో ఎక్కువ ఎంత తిరుగుతుందో చూశాడు. ఇరవై నిమిషాలు.

"ఇది నాలుగూ రెండుకి దానంతటదే ఆగింది," అన్నాడు. "ఎవరూ ఆపలేదు. మూడూ నలభై రెండుకి ఎవరో పూర్తిగా తిప్పి వదిలేశారు. కాబట్టి నాలుగింటిదాకా ఇక్కడ మనిషి ఉన్నాడనడానికి ఇది సాక్ష్యం కాదు."

కంబూరోవ్ ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నాడు. "సరే. మూడూ నలభై రెండుకి తిప్పింది బోజిలే కదా. ఆ తర్వాత ఎప్పుడో ఈవిడ దిగి వచ్చి తోసింది. నిమిషాలు మారాయి, అంతేగా."

"మూత తీసినప్పుడు డిస్క్ ఎలా ఉంది? ఫోటో చూపించు."

కంబూరోవ్ ఫైల్లోంచి ఫోటోలు తీశాడు. మొదటిదాన్ని లోజన్ లాక్కుని చూశాడు. మెషిన్‌లో డిస్క్ మెరిసే వైపు పైకి, రాత ఉన్న వైపు చక్రానికి ఆని ఉంది.

"తిరగేసి పెట్టారు."

"ఏ వైపైతే ఏమిటి?"

"ప్రాణం ఉన్న వైపూ లేని వైపూ ఒకటేనా? నీ ఇంట్లో అద్దం ఉందిగా. ముందు గాజు మీద గీత పడితే రుద్దుకోవచ్చు. వెనక పూసిన రసం ఊడిపోతే మొహం కనిపిస్తుందా? డిస్క్ కూడా అంతే. మెరిసే వైపు ఉన్నది వట్టి ప్లాస్టిక్. పాట ఉండేది రాత వైపు, ఆ పైపూత కిందనే. ఆ వైపు ఇరవై నిమిషాలు అరగదీస్తే ఇంక ఎవడి తరమూ కాదు. పద్దెనిమిదేళ్ళు ఈ పని చేసినవాడు ఇలా పెట్టడు. నీలాంటివాడు పెడతాడు."

"నాలాంటివాడంటే?"

"మెరిసేదే అసలు సరుకనుకునేవాడు."

కంబూరోవ్‌కి మొహం మాడిపోయింది. "ఊహలు చెప్పకు. చేతికందే సాక్ష్యం చూపించు."

అది బల్ల సొరుగులో దొరికింది. గళ్ళ నోట్‌బుక్కు. ఏ రోజు ఏ డిస్క్ వచ్చిందో, ఎలాంటి గీతో, ఎలా బాగుచేశాడో వరసగా రాసి ఉంది. లోజన్ 'ద్రాగినా' అన్న పేరు వెతుక్కుంటూ పేజీలు తిప్పాడు. వెతకాల్సిన పనే లేకపోయింది. మూడు వారాలకోసారి ఆ పేరే.

'ద్రాగినా. కొడుకు డిస్క్. రెండోసారి. గిన్నెల పీచు గీతలు. చేత్తో రుద్ది బాగుచేశాను, మధ్యనుంచి అంచుకి.'

'ద్రాగినా. ఏడోసారి. మళ్ళీ పీచే. అడగలేదు.'

'ద్రాగినా. పదహారోసారి. ప్లాస్టిక్ పల్చబడుతోంది. మెషిన్ వద్దు. ఇకమీదట చేత్తో మాత్రమే.'

'ద్రాగినా. ఇరవై రెండోసారి. నెమ్మదిగా గియ్యమని చెప్పాలనిపించింది. చెప్తే తెలిసిపోయిందని సిగ్గుపడుతుంది. చెప్పలేదు.'

నిన్నటిది ఇరవైమూడు. దాన్ని రాయడానికి బోజిల్ లేడు.

కంబూరోవ్ అతని భుజం మీంచి చదివాడు. ఈసారి వెటకారం చెయ్యలేదు. లోజన్ మరో పేజీ తిప్పాడు. పోయిన డిసెంబర్ తారీఖు కింద తన పేరు కనిపించింది. 'లోజన్. రెండు డిస్కులు. ఒక్క గీత లేదు. మాట్లాడాలని వచ్చాడు. టీ ఇచ్చాను.'

చప్పున పుస్తకం మూశాడు. తనకి తప్ప ఎవరికీ తెలియదనుకున్న సంగతి అది. ఆ నేలమాళిగలోకి ఎంతమంది ఒంటరివాళ్ళు డిస్కుల వంకతో వంగి చూశారో, ఆ ముసలాయన అందర్నీ కనిపెట్టి ఎవర్నీ ఒక్క మాట అనలేదన్నమాట.

"చూశావుగా," అన్నాడు లోజన్. "సాకు కావాలనే గీసుకుంది. ఆ సాకు చంపడానికి కాదు, మాట్లాడ్డానికి. మూడంతస్తులు దిగి, వీధిలోకి వెళ్ళి, చుట్టూ తిరిగి, అందరు గిరాకీల్లాగే కిటికీ దగ్గర నిలబడేది. బోజిల్ తాళంచెవి ఇచ్చి ఉంచినా లోపలి మెట్లు ఒక్కసారి దిగలేదు. ఒంటరి మగాడి కొట్లోకి వెళ్ళిందని బిల్డింగ్ అంతా అనుకుంటుందని."

"మరి నిన్న ఎందుకరిచింది?"

లోజన్ శవం ఫోటో తీసి చూశాడు. బోజిల్ కుడిచెయ్యి తల పక్కన చాపి ఉంది. మణికట్టుకి ఎరుపూ తెలుపూ మెలిపెట్టిన దారం.

"ఈ దారం..."

"మార్చి నెలలో ఈ దేశంలో మార్తెనిత్సా లేని చెయ్యి చూపించు," అన్నాడు కంబూరోవ్ తన చొక్కా మడత పైకి లాగి. అతని చేతికి మూడున్నాయి. పెళ్ళాందొకటి, కూతుళ్ళవి రెండు. మార్చి ఒకటిన కట్టించుకుంటే, కొంగని గానీ పూసిన చెట్టుని గానీ చూసేదాకా విప్పరు.

లోజన్ మణికట్టు ఖాళీ. అది తనకి తాను కొని కట్టుకునేది కాదు, ఎవరో ఒకరు కట్టాలి. బోజిల్‌కి కట్టిందెవరు?

"కుడిచేతికి ఎవరు కట్టుకుంటారు?" అన్నాడు నెమ్మదిగా. "నీకు ఎడమ చేతికున్నాయి. వీధిలో ఎవర్ని చూసినా ఎడమే. ఈయనకి కుడికెందుకు?"

కంబూరోవ్ తన చెయ్యి చూసుకున్నాడు. లోజన్ అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

* * *

పదీ నలభై. అదే గది. లోజన్ నోట్‌బుక్కు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు.

ద్రాగినా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒక పేజీ, రెండు పేజీలు. ఇరవై రెండోసారి అన్నచోట వేలు ఆగిపోయింది.

"తెలుసా ఆయనకి," అంది చివరికి. ప్రశ్నలా అనలేదు.

"మొదట్నించీ."

"నవ్వుకునుంటాడు."

"నవ్వుకునేవాడు అలా రాయడు టీచర్‌గారూ."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. కళ్ళజోడు లేకపోతే ఇంకా ముసలిదానిలా కనిపించింది. "ఇంట్లో గోడలతో ఎంతసేపని మాట్లాడను లోజన్? మిలెన్ పోయాక గొంతు వాడడమే మర్చిపోయాను. ఒకరోజు నిజంగానే డిస్క్ కింద పడింది. ఆయన బాగుచేసి ఇస్తూ, కిటికీలోంచి తల బయటపెట్టి పావుగంట మాట్లాడాడు. 'మీవాడు బాగా వాయిస్తాడండీ' అన్నాడు. వాయిస్తాడు అన్నాడు. వాయించేవాడు అనలేదు. మూడు వారాలయ్యాక నేనే పీచు తీసుకున్నాను."

"దారం మీరే కట్టారు. కుడిచేతికి."

చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి అబద్ధం వల్ల కాదు. "నేను వంగలేను. సంచీకి తాడుకట్టి కిటికీ దగ్గరికి దించుతాను. కుడిచెయ్యి బయటికొచ్చి అందుకుంటుంది. ఆ చేతికైతే నాకు కనిపిస్తుందని, మార్చి ఒకటిన ఎవరూ లేకుండా చూసి వాకిట్లో కట్టాను. డెబ్భై ఏళ్ళు దాటాక ఇదేం పాడుబుద్ధి అని నువ్వు కూడా అనుకో."

"నిన్న ఏమైంది?"

"చెయ్యి బయటికొచ్చింది. తొడుగుంది. మణికట్టు బోసిగా ఉంది. తల బయటికి పెట్టలేదు, పలకరించలేదు. డిస్క్ లాక్కుంది, అంతే. పోనీలే, తొందర పనేమో అనుకుందును. దారం విప్పేశాడే. ఇంకా కొంగలు రాలేదు, ఒక్క చెట్టూ పుయ్యలేదు. ఇంతేనా నేను అనిపించింది."

"ఏమన్నారు ఆయన్ని?"

"చెప్పను."

"మీరు అన్న మాటల మీదే మీ ప్రాణం ఉంది."

"ఈ మాటలు ఆ కంబూరోవ్ కోర్టులో చదువుతాడు. పేపర్లో వేస్తారు. నా దగ్గర చదువుకున్నవాళ్ళంతా చదువుతారు. అంతకంటే జైలే నయం."

లోజన్ తెల్లకాగితం, పెన్ను ఆవిడ ముందుకి జరిపాడు. "చెప్పకండి. రాయండి. ఏది గొంతు తగ్గించి అన్నారో, ఏది అరిచారో విడివిడిగా. అవసరం పడితే తప్ప మడత విప్పనివ్వను. మీ దగ్గర నేర్చుకున్న అక్షరాల మీద ఒట్టు."

ఆవిడ రాసింది. బడిలో బోర్డుమీద రాసినంత గుండ్రంగా, రెండే వాక్యాలు. మడిచి ఇచ్చింది.

అప్పుడు చెప్పాడు లోజన్. "ఆయన విప్పలేదు టీచర్‌గారూ."

"ఏమిటి?"

"దారం. పోయేటప్పుడు కూడా కుడిచేతికే ఉంది. నిన్న కిటికీలోంచి బయటికొచ్చిన చెయ్యి ఆయనది కాదు. అప్పటికే ఆయన మెట్ల కింద ఉన్నాడు."

"అయితే నేను తిట్టింది..." అంది ద్రాగినా.

"ఆయన్ని కాదు."

అప్పుడేడ్చింది ఆవిడ. కంబూరోవ్ రాత్రంతా ప్రయత్నించి రప్పించలేని ఏడుపు అది.

* * *

పదకొండున్నరకి పనయోత్ ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. బోజిల్ మూడూ నలభైకి ముందే పోయాడంటే, మూడూ నలభై అయిదు నుంచీ సెలూన్‌లో ఉన్నానన్న పనయోత్ సాక్ష్యం ఇక పనికిరాదు. కంబూరోవ్ రానని మొండికేస్తే, లోజన్ మడిచిన కాగితం అతని జేబులో పెట్టాడు. "నేను చెప్పినప్పుడే విప్పు. నేను పొరబడితే ప్రాసిక్యూటర్ ముందే నీకు క్షమాపణ చెబుతాను," అన్నాడు. ఆ ఆశతోనే వచ్చాడు కంబూరోవ్.

పనయోత్ యాభై దాటిన మనిషి. నున్నగా గీయించిన గడ్డం, నిన్నటి సెలూన్ పని. బిల్డింగ్‌లో కరెంటు దీపం మాడినా, లిఫ్టు ఆగినా ఆయన్నే పిలుస్తారు. బల్లమీద నేలమాళిగని కార్ల గ్యారేజీగా మార్చే పథకం కాగితాలున్నాయి. కింద పదకొండు సంతకాలు, ఒక ఖాళీ గీత.

"బోజిల్ సంతకం పెట్టలేదా?" అన్నాడు లోజన్.

"పాపం, పెడతానన్నాడు. ఇంతలో ఇలా అయింది."

"నిన్న మీరాయన్ని చూశారా?"

"లేదు సార్. మూడూ నలభైకి మెట్లు దిగుతున్నాను, సెలూన్‌కి వెళ్దామని. ఆవిడ అరుపు వినిపించింది. మనకెందుకొచ్చిన గొడవ అనుకుని వెళ్ళిపోయాను. స్టేట్‌మెంట్‌లో అంతా చెప్పాను."

"మాటలు వినబడలేదని చెప్పారు."

"అవును. గోడలు మందం కదా."

లోజన్ నిట్టూర్చి కుర్చీలో వెనక్కి వాలాడు, ఓడిపోయినవాడిలా. "మంచిది. ఆవిడేమో డిస్క్ ఆలస్యమైందని తిట్టానంటోంది. ఆ మాత్రానికి చంపుతారా? ప్రాసిక్యూటర్ కూడా నమ్మేలా లేడు. సాయంత్రానికి వదిలేస్తారేమో."

కంబూరోవ్ ఏదో అనబోయాడు. లోజన్ బల్లకింద అతని కాలు తొక్కాడు.

పనయోత్ కాగితాలు సర్దుతున్నవాడు ఆగాడు. "వదిలేస్తారా?"

"ఏం చేస్తాం? ఇంకోసారి బిల్డింగ్ అంతా అడగాలి, మొదట్నించీ. మీతో సహా."

"ఆలస్యమని కాదు సార్," అన్నాడు పనయోత్ గొంతు తగ్గించి. "ఆవిడ దాచిపెడుతోంది. ఆ వయసులో ఆవిడకి ఆయన మీద మనసుంది. దారం కట్టింది. ఆయన విప్పేశాడని మండిపడింది. 'కొంగ రాకముందే విప్పేశావా' అని. అలాంటి కోపంలో ఆడమనిషి ఏదైనా చేస్తుంది. రాసుకోండి."

"కంబూరోవ్," అన్నాడు లోజన్, "ఇప్పుడు విప్పు."

కంబూరోవ్ కాగితం విప్పి, పైకే చదివాడు. "'గొంతు తగ్గించి అన్నది: నా చేత్తో కట్టాను, కొంగ రాకముందే విప్పేశావా? అరిచి అన్నది: సిగ్గుండాలి.'"

"మొదటి అంతస్తు ముసలావిడకి వినిపించింది 'సిగ్గుండాలి' ఒక్కటే," అన్నాడు లోజన్. "కొంగ మాట ఆవిడ కిటికీ దగ్గర గొంతు తగ్గించి అంది. మెట్లమీద ఉన్నవాడికి అది వినపడదు. కిటికీ అవతల తొడుగేసుకుని చెయ్యి చాపినవాడికే వినిపిస్తుంది. ఆవిడ పోగానే డిస్క్ మెషిన్‌లో పెట్టి తిప్పారు, చప్పుడు వింటే బోజిల్ పనిలో ఉన్నాడనుకుంటారని. మూడు నిమిషాల్లో సెలూన్ కుర్చీలో కూర్చున్నారు. తెలివైన పనే. కానీ డిస్క్ ఏ వైపు పెట్టాలో తెలీలేదు."

పనయోత్ కంబూరోవ్ వంక చూశాడు, ఇతనైనా అడ్డు చెబుతాడేమోనని. కంబూరోవ్ కాగితాన్ని మడతమీద మడతపెట్టి జాగ్రత్తగా లోపలి జేబులో పెట్టుకుంటున్నాడు.

"తొయ్యాలని కాదు," అన్నాడు పనయోత్. "రెండేళ్ళు తిరిగాను ఆయన చుట్టూ. పదకొండు మంది పెట్టారు. ఈయన ఒక్కడే, 'నేను పోతే వీళ్ళు ఎక్కడికెళ్తారు' అంటాడు. ఎవరు వీళ్ళు? రోజుకి నలుగురు ముసలివాళ్ళు. మెట్లమీద చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు. అంతే జరిగింది."

"అంతే జరిగిందా?" అన్నాడు కంబూరోవ్. "ఒక ముసలిదాన్ని రాత్రంతా నా చేత ఏడిపించబోయావు. లే."

పన్నెండుకి అయిదు నిమిషాల ముందు ప్రాసిక్యూటర్ బల్లమీద పేరు మారింది.

* * *

సంతకాలన్నీ అయ్యేసరికి రెండయింది. ద్రాగినా స్టేషన్ వసారాలో బెంచీమీద కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. లోజన్ ఎదురుగా నిలబడ్డాడు. పొద్దుట్నించి ఆవిడ అడుగుతున్నదానికి ఇంకా జవాబు చెప్పలేదు.

"డిస్క్ పోయింది టీచర్‌గారూ. రాత ఉన్న వైపు అరగదీశాడు. నలుగురిని అడిగాను. ఎవరివల్లా కాదన్నారు."

ఆవిడ తల ఊపింది. బొత్తాలు పెట్టుకోవడం ఆపలేదు, ఒకటి తప్పు కాజాలో పెట్టింది. "నేనే గీసుకుంటూ పోయాను," అంది. "ఇంట్లో ఉంచుకుంటే ఉండేది."

లోజన్ ఆవిడ పక్కన కూర్చున్నాడు.

అరగంట గడిచాక వీధి తలుపు తోసుకుని కంబూరోవ్ వచ్చాడు. మోచేతుల దాకా దుమ్ము. లోజన్ వైపు చూడకుండా నేరుగా ఆవిడ ముందుకొచ్చి, ఒక పల్చటి ప్లాస్టిక్ పెట్టె ఒళ్ళో పెట్టాడు.

"పై అలమరలో, వెనకాల దొరికింది," అన్నాడు. "మొత్తం దింపించాను. విన్నాను కూడా, క్షమించండి, ఖాయం చేసుకోవాలిగా. అకార్డియన్. తర్వాత చారులో ఉప్పెక్కువైందంటాడు."

పెట్టెలో కొత్త డిస్క్ ఉంది. పక్కన బోజిల్ రాతతో చిన్న చీటీ. తారీఖు పదిహేను నెలల కిందటిది, ఆవిడ మొట్టమొదటిసారి ఆ కిటికీ దగ్గరికెళ్ళిన రోజుది. 'ద్రాగినాగారి అబ్బాయి. కాపీ. ఈవిడకి ఇప్పుడే చెప్పకూడదు. చెబితే మళ్ళీ రారు.'

ద్రాగినా ఆ చీటీని చదివి, తిరగేసి చూసి, మళ్ళీ చదివింది.

"ఒక్క గీత లేదు," అన్నాడు కంబూరోవ్. "జాగ్రత్తగా పెట్టుకుంటే మీకు ఇంక ఎవరితోనూ పనిలేదు."

"లేదు నాయనా," అంది ద్రాగినా. "ఇంక ఎవరితోనూ పనిలేదు."